పెనుకొండ చెరలో ఇద్దరు: తెరకెక్కిన మంత్రి, తెరకెక్కని రాజు

విజయనగర చరిత్రలో పెనుకొండకు రెండు చెరలతో సంబంధం ఉంది. ఒకటి శ్రీకృష్ణదేవరాయల మహామంత్రి సాళువ తిమ్మరుసుది. రెండోది 1565లో రాక్షసతంగడి (తళ్లికోట) యుద్ధం ఓడిపోయాక హంపీ నుంచి ఇక్కడికి తరలించిన సదాశివరాయలది. మొదటి కథను 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ తెరమీదికి తెచ్చింది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన, గుమ్మడి నటన కలిసి దాన్ని తెలుగువాళ్ల జ్ఞాపకంలో స్థిరపరిచాయి. రెండో కథను మన చారిత్రక చిత్రాలు పట్టించుకోలేదు. పదవి పోయినవాడి చివరి రోజులను సినిమా ఎంతవరకు ఊహించవచ్చన్న చర్చ వచ్చినప్పుడల్లా వాదన తిమ్మరుసు దగ్గరే మొదలై అక్కడే చిక్కుపడుతోంది. ఆయన కళ్లు నిజంగా తీయించారా, తీయిస్తే ఎవరి తప్పు, సినిమా రాయలను కాపాడిందా, నిందించిందా అని తిరిగి తిరిగి అడుగుతున్నారు. అందులో చరిత్ర ఏం చెబుతోంది, జనం ఏం గుర్తుపెట్టుకున్నారు, కళకు ఎంత స్వేచ్ఛ ఉంది అన్న మూడు వేరువేరు విషయాలు ముడిపడి ఉన్నాయి. వీటిని విడదీసి చూస్తే, పెనుకొండ మీద తీయవలసిన సినిమా సదాశివరాయలదని, ఆయన చావు ఎలా జరిగిందో తేల్చకుండానే దాన్ని తీయాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

రెండు పతనాలు, రెండు రకాల సాక్ష్యం

తిమ్మరుసు పతనానికి మనకున్న ప్రధాన ఆధారం ఫెర్నావ్ నూనిజ్ రాత. ఆయన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. 1535–37 ప్రాంతంలో విజయనగరంలో ఉన్నాడు. రాయలు 1529లో కన్నుమూశాడు కాబట్టి, నూనిజ్ రాసింది కళ్లారా చూసింది కాదు, కొన్నేళ్ల తర్వాత నగరంలో విన్నది. ఆ కథనం ప్రకారం రాయలు ఆరేళ్ల కొడుక్కి పట్టం కట్టాడు. ఉత్సవాలు నెలల తరబడి జరుగుతుండగానే బాలుడు జబ్బుపడి చనిపోయాడు. తిమ్మరుసు కొడుకే విషం పెట్టాడన్న మాట రాజు చెవిన పడింది. మంత్రిని, ఆయన తమ్ముణ్ణి, కొడుకును చెరలో వేశారు. కొడుకు తప్పించుకుని తిరుగుబాటు చేసి పట్టుబడ్డాక ముగ్గురి కళ్లూ తీయించారు. బ్రాహ్మణులను చంపే ఆచారం లేనందున ఆ శిక్ష వేశారని నూనిజ్ వివరణ. శాసనాలు ఇందులో ఒక్క ముక్కను మాత్రం బలపరుస్తాయి. 1524 నాటి శాసనాల్లో తిరుమలరాయడనే రాకుమారుడు పట్టం కట్టుకున్నవాడిగా కనబడి, ఆ తర్వాత మాయమవుతాడు. బాలుడు ఉన్నాడు, పోయాడు. విషం, కళ్లు, చెర మాత్రం ఒక్క వ్యాపారి మాట మీదే నిలబడ్డాయి.

సదాశివరాయల విషయంలో సాక్ష్యం ఇందుకు సరిగ్గా తలకిందులు. ఆయన పేరుతో రాగిరేకులు, రాతిశాసనాలు కావలసినన్ని ఉన్నాయి, మనిషి మాత్రం కనబడడు. 1542లో అచ్యుతరాయలు పోయాక సలకం తిరుమలరాజు రాజకుటుంబం మీద విరుచుకుపడ్డాడు. అప్పుడు కృష్ణదేవరాయల అల్లుడు అళియ రామరాయలు గుత్తి కోటలో ఉన్న సదాశివుణ్ణి బయటికి తెచ్చి రాజును చేశాడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా అధికారమంతా తన చేతిలోకి తీసుకుని ఆయన్ను అంతఃపురానికే పరిమితం చేశాడు. ఏడాదికి ఒక్కసారి జనానికి చూపించేవారని వెనిస్ వ్యాపారి చేజారే ఫెడెరీచీ రాశాడు. 1565 జనవరిలో రామరాయలు యుద్ధభూమిలో తల పోగొట్టుకున్నాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీద ఎక్కించుకుని, బందీ రాజును వెంటబెట్టుకుని పెనుకొండ చేరాడు. రాజధాని కదిలింది, రాజు చెర కూడా కదిలింది, కాపలా కాసే అన్న స్థానంలోకి తమ్ముడు వచ్చాడు.

ఇక్కడ ఒక్క రాగిరేకు దగ్గర ఆగి చూడాలి. 1556 నాటి సదాశివరాయల శాసనం ఒకటి శ్రీపెరంబుదూరులోని రామానుజుల ఆలయానికి 31 గ్రామాలు ఇస్తుంది. వంశావళి, బిరుదులు, కీర్తి అన్నీ సదాశివుడివే. కాని ఎవరి విన్నపం మీద ఇచ్చారో చెప్పే చోట రామరాయల పేరు వస్తుంది, అసలు బలం అక్కడ బయటపడుతుంది. యుద్ధం ముగిశాక, 1567లో వచ్చిన కృష్ణాపురం శాసనంలోనూ ఇదే తీరు. మధుర నాయకుడు కృష్ణప్ప కట్టించిన గుడికి దానం, పేరు సదాశివుడిది, నడిపించింది తిరుమలరాయలు. విజయనగర రాజులు తమ రాగిరేకుల చివర శ్రీవిరూపాక్ష అని చేవ్రాలు చేసేవారు. తర్వాతి తరంలో వేంకటపతిరాయల కాలానికి అది శ్రీవేంకటేశగా మారింది. రాజు పేరుతో వెలువడే ఆజ్ఞ కింద పాడుబడ్డ నగరంలోని దేవుడి పేరు రాయవలసిన స్థితి సదాశివుడిది. ఆయన అంతరంగం మీద మనకు దొరికే జాడ ఇంతకంటే ఎక్కువ లేదు.

కన్ను చుట్టూ అల్లుకున్న కథలు

జనస్మృతిలో నిలిచిన కథలకు ఒక పోలిక ఉంది. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు ఆ గుడి కట్టించారు. పెనుకొండ ఖజానా చూసే విరుపణ్ణ రాజు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని అపవాదు వచ్చిందట. కళ్లు తీయమని రాజాజ్ఞ వెలువడక ముందే తానే పెరికి గోడకు కొట్టుకున్నాడట. అసంపూర్తి కల్యాణమండపం దగ్గర గోడ మీద ఎర్రబారిన రెండు మచ్చలను నేటికీ యాత్రికులకు చూపిస్తారు. పెనుకొండలో తిమ్మరుసు బందీఖానా అని ఒక కట్టడాన్ని, ఆయన సమాధి అని మరొకదాన్ని చూపిస్తారు. ఇద్దరూ రాజసేవకులే, ఇద్దరి మీదా నింద పడింది, ఇద్దరి కళ్లూ పోయాయి. పెనుకొండ, లేపాక్షి రెండూ ఒకే సీమలో ఉన్నాయి.

నూనిజ్ కథనంలోనే ఇంకొక కన్ను కథ ఉంది, దాన్ని విమర్శకులు తగినంతగా పక్కన పెట్టి చూడలేదనిపిస్తుంది. వీరనరసింహరాయలు మరణశయ్య మీద తన కొడుక్కి రాజ్యం దక్కాలని తమ్ముడు కృష్ణరాయల కళ్లు తీయమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడని, మంత్రి మేక కళ్లు చూపించి రాకుమారుణ్ణి కాపాడాడని అదే నూనిజ్ రాశాడు. ఎవరి కళ్లను మంత్రి కాపాడాడో ఆయనే చివరికి మంత్రి కళ్లు తీయించాడన్నమాట. ఇంత పొందికగా కుదిరిన జంట కథ జీవితంలో జరగకూడదని లేదు. కాని ఒకే నోటి నుంచి రెండు చివరలూ వచ్చినప్పుడు, నగరం నోట నానిన కథకు ఒక ఆకారం వచ్చిందని అనుమానించడం చరిత్రకారుడి కర్తవ్యం. శిక్ష జరగలేదని దీనర్థం కాదు. ఆనాటి రాజకీయాల్లో కళ్లు తీయడం కొత్త శిక్షేమీ కాదు. చరిత్రగా నిలబడవలసిన మాట, కథగా పండిన మాట రెండూ ఇక్కడ కలిసిపోయాయని మాత్రమే నా వాదన.

సదాశివుడికి ఇలాంటి కథ అల్లుకోలేదు. ఆయనకు గోడ మీద మచ్చ లేదు, పేరు నిలిచిన బందీఖానా లేదు. ద్రోహానికి గురైన మంచి మంత్రి కథను జనం తరాల పాటు మోశారు. తాను ఎన్నడూ పాలించని రాజ్యానికి రాజైనవాణ్ణి మోయలేదు. సినిమా జనస్మృతి వెంట నడిచింది కాబట్టి దానికీ తిమ్మరుసే దొరికాడు.

బళ్లారి రంగస్థలం నుంచి వెండితెర దాకా

తెరమీది విషాదానికి ముందు రంగస్థలం మీది విషాదం ఉంది, అది రాయలసీమదే. ధర్మవరంలో పుట్టి బళ్లారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’తో, ప్రేక్షకుడు కన్నీళ్లతో లేచివెళ్లే ముగింపును తెలుగు నాటకానికి పరిచయం చేశాడు. మంగళాంతమే నాటకమన్న సంప్రదాయాన్ని దాటి, నిర్దోషికి పడ్డ శిక్షను చివరిదాకా చూపించవచ్చని ఆయన నిరూపించాడు. అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకం వైపు తిరిగి రామరాయల పతనాన్ని రంగం మీదికి తెచ్చాడు. అందులో పఠాను వేషం బళ్లారి రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. హిందూ ముస్లిం వైషమ్యాలు రేగుతాయన్న కారణంతో బ్రిటిషు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. తళ్లికోట కథను చెప్పబోయిన ప్రతివాడికీ ఆ చిక్కు అప్పటి నుంచే ఉంది.

‘మహామంత్రి తిమ్మరుసు’ ఈ రెండు వారసత్వాల్లో ధర్మవరంవారిదాన్ని ఎంచుకుంది. నిర్దోషి మీద పడ్డ శిక్ష దాని గుండెకాయ. కుట్రనంతా గజపతుల పక్షానికి అంటగట్టి, ఎన్.టి.రామారావు ధరించిన రాయలను మోసపోయిన ప్రభువుగా నిలబెట్టి, మంత్రిని మచ్చలేనివాడిగా చూపింది. అంటే నూనిజ్ దగ్గర శిక్షను తీసుకుంది, నేరాన్ని తీసుకోలేదు. కళగా ఇది బలమైన నిర్ణయం. రాజు, మంత్రి ఇద్దరూ ప్రేక్షకుడి ప్రేమను నిలుపుకుంటారు, విషాదం ఇద్దరిదీ అవుతుంది. చరిత్రగా చూస్తే మాత్రం అసలు ప్రశ్న తప్పుకుపోయింది. ముసలి మంత్రి కుటుంబం రాజ్యంలో ఎంత పెరిగిందో, కొండవీడు గెలిచాక ఆ సీమ పాలన ఆయన మేనల్లుళ్ల చేతుల్లోకి ఎలా వెళ్లిందో, అది రాజుకు ఎందుకు కంటగింపై ఉండవచ్చో చెప్పే రాజకీయం తెరమీద లేదు.

మూడు వాదాలు

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లను స్థూలంగా మూడు పక్షాలుగా చూడవచ్చు. ఆధారాలవాదులది మొదటి పక్షం. 1900లో రాబర్ట్ సూయల్ పోర్చుగీసు కథనాలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పటి నుంచి, హెన్రీ హెరాస్ 1927లో ఆరవీటి వంశ చరిత్ర రాసి, నేలటూరి వెంకటరమణయ్య, నీలకంఠశాస్త్రి ఆకరాలను గుదిగుచ్చిన కాలం దాకా ఈ పక్షం పనే మనకు పునాది. సినిమా ఈ పునాదిని దాటి అడుగు వేయరాదన్నది వీరి కోరిక. ఈ కోరికలో న్యాయం ఉంది. తెలుగునాట పాఠ్యపుస్తకం కంటే సినిమాయే ఎక్కువమందికి చరిత్ర చెబుతుంది. కాని వీరి నియమాన్ని అక్షరాలా పాటిస్తే చెరలో గడిచిన ఒక్క రోజును కూడా చూపించలేం. చెరసాల తలుపు మూసుకున్నాక ఏం జరిగిందో ఏ శాసనం చెప్పదు.

స్మృతివాదులది రెండో పక్షం. పెనుకొండవాళ్లు తిమ్మరుసు సమాధి అని ఒక చోటును తరతరాలుగా చూపిస్తున్నారంటే ఆ నమ్మకమే ఒక చారిత్రక వస్తువని వీరి వాదం. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. ఫిలిప్ వాగనర్ ‘రాయవాచకము’ మీద చేసిన పని ఇందుకు ఒక నిదర్శనం. రాయల కాలాన్ని చాలా తర్వాతి తరాలు ఎందుకు అలా ఊహించుకున్నాయో ఆయన అడిగాడు, ఆ ఊహ నుంచే ఆ తర్వాతి తరాల చరిత్రను తవ్వితీశాడు. అయితే స్మృతి దేన్ని మోస్తుందో, దేన్ని జారవిడుస్తుందో కూడా అడగాలి. సదాశివుణ్ణి జారవిడిచిన స్మృతినే గీటురాయి చేసుకుంటే ఆయన మరోసారి చెరలోనే మిగులుతాడు.

మూడో పక్షం కళాస్వేచ్ఛది. నాటకమైనా సినిమా అయినా చరిత్రకు లెక్క చెప్పనక్కరలేదంటుంది. ప్రపంచ సినిమా ఈ స్వేచ్ఛను వాడుకున్న తీరు ఇక్కడ పనికొస్తుంది. బెర్టోలూచీ 1987లో చైనా చివరి చక్రవర్తి పూయీ మీద తీసిన చిత్రం సింహాసనం పోయిన తర్వాతి దశాబ్దాలను కథకు వెన్నెముక చేసుకుంది. పూయీ స్వయంగా రాసిన ఆత్మకథ ఉంది కాబట్టి అది సాధ్యమైంది. సత్యజిత్ రాయ్ 1977లో వాజిద్ అలీ షా కథ తీసినప్పుడు లక్నో చేజారిన దగ్గరే ఆగిపోయాడు, కలకత్తా ప్రవాసంలోకి వెళ్లలేదు. ఒకరు వెళ్లారు, ఒకరు ఆగారు. ఇద్దరి చేతిలోనూ ఉన్న ఆధారమే ఆ హద్దును గీసింది. ఆధారం గీసే ఈ హద్దును కళాస్వేచ్ఛ పక్షం గుర్తించకపోవడమే దాని లోపం.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా తేటపడుతుంది. మొదటి పక్షానికి తిమ్మరుసు బలహీనమైన కేసు, సదాశివుడు బలమైన కేసు. రెండో పక్షానికి తిమ్మరుసు సర్వస్వం, సదాశివుడు లేనేలేడు. మూడో పక్షానికి ఇద్దరూ ఒకటే, ఎవరిలో కన్నీళ్లు ఎక్కువ పిండవచ్చో అన్నదే ప్రశ్న. మొదటి పక్షం ఆధారాల నిష్ఠనూ మూడో పక్షం ఊహనూ కలపగల చోటు నాకు సదాశివుడి దగ్గరే కనబడుతోంది. శాసనాలు ఆయన చుట్టూ ఒక కచ్చితమైన గోడ కడతాయి. గోడ లోపలి మనిషిని ఊహ నింపవచ్చు. ఆ ఊహ ఏ శాసనాన్నీ అబద్ధం చేయనక్కరలేదు.

అభ్యంతరాలు

సదాశివుడిలో కథ లేదన్నది మొదటి అభ్యంతరం. తెలుగు చారిత్రక చిత్రానికి యుద్ధభూమి కావాలి, ఒరిగే వీరుడు కావాలి. ‘బొబ్బిలి యుద్ధం’ నుంచి ‘సైరా’ దాకా పతనమంటే ఒక్క దెబ్బతో వచ్చే మరణమే. ఏళ్ల తరబడి సాగే క్షీణతకు మన తెరమీద అలవాటు లేదన్నది నిజం. కాని కథ లేదనడం తప్పు. ఒక కోటలో బంధువుల ఊచకోత తప్పించుకున్న మనిషి రాజవుతాడు. రాజైన కొద్దీ బందీ అవుతాడు. తన్ను బంధించినవాడు చచ్చాక విడుదల దొరుకుతుందని ఆశపడే వేళకు ఆయన తమ్ముడు వచ్చి ఏనుగుల వరుసలో కూర్చోబెడతాడు. ఇంతకంటే నాటకీయమైన మలుపు ఎక్కడ వెతకాలి? పైగా ఆయన ఎదుట నిలిచే తిరుమలరాయలు సామాన్యుడు కాడు. కూలిన రాజ్యాన్ని పెనుకొండ నుంచి నిలబెట్టడానికి పాటుపడ్డవాడు, భట్టుమూర్తి ‘వసుచరిత్ర’ను అంకితం అందుకున్న రసికుడు. ఆయన్ను ప్రతినాయకుణ్ణి చేస్తే కథ పలుచబడుతుంది. ఆయనకు రాజ్యం నిలపడమూ ధర్మమే, రాజును బంధించడమూ అవసరమే.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. తళ్లికోట కథను ఎలా చెప్పినా మతవిద్వేషానికి ఇంధనమవుతుందన్న భయం అది. కోలాచలం నాటకానికి ఎదురైన గతి దీన్ని గుర్తుచేస్తుంది. ఇందుకు జవాబు పెనుకొండలోనే ఉంది. గగనమహల్ ఎదుట నిలబడితే కింద మొనదేలిన కమానులు, గచ్చుపని, పైన గుడి విమానాన్ని తలపించే అంతస్తుల శిఖరం ఒకే కట్టడంలో కనబడతాయి. కోట ఊళ్లో గుళ్లతోబాటు షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా ఉన్నాయి. పార్శ్వనాథుడి జైనాలయమూ ఉంది. రామరాయలు యవ్వనంలో గోల్కొండ సుల్తాను కొలువులో పనిచేసినవాడే. సదాశివుణ్ణి బంధించింది సుల్తానులు కాదు, సొంత మంత్రులు, వాళ్ల వారసులు. కథను పెనుకొండ లోపలి నుంచి చెబితే మతయుద్ధపు చట్రం దానంతటదే ఊడిపోతుంది, మిగిలేది అధికారం కథ.

ముగింపు తెలియని చావును ప్రేక్షకుడు ఒప్పుకోడన్నది మూడోది. ఇక్కడే ఆధారాలను కొంచెం ఓపిగ్గా చదవాలి. చెరలో ఉన్న అసలు రాజును తిరుమలరాయల కొడుకు చంపించాడని, అందుకే దొరలు కొత్త ప్రభువును ఒప్పుకోలేదని ఫెడెరీచీ రాశాడు. ఆయన విజయనగరంలో ఉన్నది 1567లో కాబట్టి హత్య అప్పటికే జరిగిందని కొందరు లెక్కగట్టారు. కాని ఫెడెరీచీ తూర్పుదేశాల్లో 1581 దాకా తిరిగాడు, పుస్తకం వెనిస్‌లో 1587లో అచ్చయింది. మధ్యలో ఎప్పుడు విన్నదైనా ఆ వాక్యంలో చేరి ఉండవచ్చు. కృష్ణాపురం శాసనం 1567 నాటిదే, తిరుమలరాయల పట్టాభిషేకం 1570 ప్రాంతంలో. 1570 దాటిన తేదీలతో కూడా సదాశివుడి పేరున్న శాసనాలు ఉన్నాయి. దూరపు ఊళ్లలో పాత రాజు పేరు రాసే అలవాటు కొంతకాలం సాగుతుంది కాబట్టి వాటినే పట్టుకుని ఆయన బతికే ఉన్నాడనలేం. అలాగని హత్య రుజువైందనీ అనలేం. ఈ అనిశ్చితినే తెరమీద చూపవచ్చు. రాజు చనిపోయినా ఊళ్లలో ఆయన పేరుతో దానాలు సాగుతూ ఉంటే, ఆయన బతికినన్నాళ్లు కూడా జరిగింది అదే కదా అన్న ఎరుక ప్రేక్షకుడికి కలుగుతుంది. హత్య దృశ్యం ఒక్కటి పెడితే ఆ ఎరుక పోతుంది.

హిందూపురానికి దగ్గరి ఉదాహరణ

ఈ చర్చ పదహారో శతాబ్దానికే పరిమితమని అనుకోనక్కరలేదు. ‘మహామంత్రి తిమ్మరుసు’లో రాయలుగా నటించిన రామారావు 1985లో హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. 1995లో ముఖ్యమంత్రి పదవి పోయేనాటికి కూడా ఆయన హిందూపురం శాసనసభ్యుడే. 1996 జనవరి 18న కన్నుమూశాడు. 2019లో ఆయన మీద వచ్చిన చిత్రాలు పరస్పరం ఎంత భిన్నమో చూడాలి. బాలకృష్ణ నటించిన ‘మహానాయకుడు’ ఆ చివరి ఘట్టానికి చాలా ముందే ఆగిపోయింది. రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ ఆ ఘట్టంతోనే నిండిపోయింది, అదీ ఒక్కరి వైపు కథనంతో. వేలమంది సాక్షులు, పత్రికలు, శాసనసభ రికార్డులు ఉన్న కాలంలోనే చివరి రోజుల చిత్రం ఒకరికి మౌనం, ఒకరికి అభియోగం అయింది. సాక్ష్యం పెరిగినంత మాత్రాన సమతూకం రాదు. తీసేవాడు ఎవరి గదిలో కెమెరా పెట్టాడన్నది ఎప్పుడూ నిర్ణయమే. ఆ నిర్ణయాన్ని దాచకుండా చూపడమే నిజాయితీ.

ఇంకా తేలనివి

సదాశివుడి పేరున్న చివరి శాసనాలను ఒక్కచోట చేర్చి, ఏ ఊరివి, ఎవరి అధికారం కింద వెలువడ్డాయి అని సీమలవారీగా పోల్చి చూస్తే, అలవాటుగా పేరు రాసినవేవో, కొలువు నుంచి వచ్చినవేవో కొంత విడిపోతాయి. తిరుమలరాయల కొడుకుల్లో ఎవరి మీద హత్యారోపణ నిలుస్తుందన్నది కూడా అప్పుడే మాట్లాడవలసిన విషయం. శ్రీరంగరాయలు పెనుకొండలో, రామరాయడు శ్రీరంగపట్నంలో, వేంకటపతి చంద్రగిరిలో ఏలారు. చెర పెనుకొండలో ఉన్నంత మాత్రాన నేరం శ్రీరంగుడిదే అనడానికి వీల్లేదు. తిమ్మరుసు సమాధిగా చెప్పే కట్టడం నిర్మాణశైలిని బట్టి ఏ కాలానిదో నిలకడగా పరిశీలించాలి. పెనుకొండ నుంచి రాజధాని చంద్రగిరికి తరలిపోయింది 1592 ప్రాంతంలో. అప్పటి దాకా కొండ మీద, కొండ కింద ఎవరెవరు ఏ భవనాల్లో ఉన్నారన్నది తేలితే తప్ప బందీ రాజు ఏ గదిలో ఉండి ఉంటాడో ఏ కళాదర్శకుడూ గీయలేడు. గగనమహల్‌ను ఆయన చెరగా చూపడం సులువు, కెమెరాకు అందం కూడా. దానికి ఆధారం ఉందా అని స్క్రిప్టు దశలోనే అడిగే చరిత్రకారుడు ఆ చిత్రబృందంలో ఉండాలి.